అప్పన్న నత్తి, సీతారామ్ నీళ్లు, భాగ్యలక్ష్మి మాట

2025 సంక్రాంతికి మూడు పెద్ద సినిమాలు విడుదలయ్యాయి. జనవరి 10న ‘గేమ్ ఛేంజర్’, 12న ‘డాకు మహారాజ్’, 14న ‘సంక్రాంతికి వస్తున్నాం’ వచ్చాయి. కోనసీమలో పండుగ అంటే పిండివంటలు, కోడిపందాలు, ప్రభల తీర్థాలతో పాటు సినిమా కూడా కనుక, కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభలను చూసి వచ్చినవారు సాయంత్రానికి అమలాపురం సినిమా హాళ్ల ముందు బారులు తీరుతారు. హైదరాబాదు నుంచి వచ్చిన అల్లుడు, అతని పిల్లలు, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన తాతగారు ఒకే వరుసలో కూర్చుంటారు. ఆ వరుస మొత్తాన్ని కదలకుండా కూర్చోబెట్టిందా లేదా అన్నదే పండుగ సినిమాకు నేను పెట్టుకున్న కొలత. మూడింటినీ చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: పాత్ర తన కష్టాన్నీ తన నేలనూ వదలకుండా నిలబడినంతసేపూ ఈ సినిమాలు బాగున్నాయి, వదిలిన మరుక్షణమే పలచబడ్డాయి.

‘గేమ్ ఛేంజర్’ శంకర్ నేరుగా తెలుగులో తీసిన మొదటి చిత్రం, కథ కార్తీక్ సుబ్బరాజు అందించినది. రామ్ చరణ్ ఇందులో రామ్ నందన్ అనే ఐఏఎస్ అధికారిగా, అప్పన్న అనే పాతతరం నాయకుడిగా రెండు పాత్రలు పోషించారు. అధికారి కథ నాకు ఎక్కడా పట్టలేదు. ఒక్క ఆదేశంతో ఊరంతా బాగుపడిపోవడం, దుర్మార్గుడైన మంత్రి ప్రతి ఎత్తుకూ పైఎత్తు సిద్ధంగా ఉండడం వంటివి శంకర్ సినిమాల్లోనే ఎన్నోసార్లు చూసి ఉన్నాం. మంత్రి మోపిదేవిగా ఎస్.జె. సూర్య మాత్రం తెరపై ఉన్నంతసేపూ చురుకు పుట్టించారు. విరామం తర్వాత వచ్చే అప్పన్న కథ వేరు. డబ్బు లేని రాజకీయం కావాలని కోరుకునే మనిషికి, నలుగురి ముందు నోరు విప్పితే నత్తి అడ్డుపడుతుంది. చెప్పవలసిన మాట గుండెలో నిండుగా ఉండి గొంతు దాటని ఆ అవస్థను రామ్ చరణ్ ఎంతో నిగ్రహంతో చూపించారు. భార్య పార్వతిగా అంజలి ఆ దృశ్యాలకు సమానంగా బరువు మోశారు. సినిమా అంతా అప్పన్నదే అయి ఉంటే, విడుదల రోజు రాత్రి ఒంటిగంట ఆటకు 600 రూపాయల టిక్కెట్టు పెట్టి వెళ్లిన కుర్రవాళ్లు తృప్తిగా ఇంటికి వచ్చేవారని నా నమ్మకం.

‘డాకు మహారాజ్’ గురించి చెప్పేటప్పుడు నేను డెల్టా మనిషిగానే మాట్లాడతాను. బాబీ దర్శకత్వంలో బాలకృష్ణ చేసిన సీతారామ్ పాత్ర, నీళ్లకు అలమటించే చంబల్ ప్రాంతంలో పనిచేసే ఇంజనీరు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మీద ఆధారపడి బతుకుతూ, ఊరూరా దాన్ని కట్టించిన ఇంజనీరు కాటన్ దొర విగ్రహాలు పెట్టుకున్న మాకు ఇంజనీరు కథానాయకుడు కావడంలో వింత ఏమీ లేదు. పైగా ఈ సినిమా ఆడినది రెండో పంటైన దాళ్వా నాట్లకు కాలువ నీటి కోసం రైతులు ఎదురుచూసే రోజుల్లో. అందువల్ల ఆ ఊళ్లకు నీరు ఎలా వస్తుంది, ఎవరు అడ్డుపడుతున్నారు, ఇంజనీరు తన చదువుతో ఏం చేయగలడు అన్న ప్రశ్నల దగ్గర కథ కొంతసేపు ఆగుతుందని ఎంతో ఆశపడ్డాను. ఆగలేదు, సీతారామ్ చేతికి ఆయుధం వచ్చాక నీటి సంగతి వెనక్కి వెళ్లిపోయింది. విజయ్ కార్తీక్ కన్నన్ ఛాయాగ్రహణం, తమన్ నేపథ్య సంగీతం మాత్రం పెద్ద తెర మీదే అనుభవించవలసినవి. బాలకృష్ణను అరుపులు తగ్గించి, నింపాదిగా మాట్లాడించినందుకు దర్శకుణ్ణి మెచ్చుకోవాలి. ఈ సినిమా ఐటం పాటలోని నృత్యభంగిమలు చూసి మా వరుసలోని ఆడవాళ్లు తలలు దించుకున్నారు, అది న్యాయమైన ఇబ్బందే.

వరుస మొత్తాన్ని కూర్చోబెట్టినది అనిల్ రావిపూడి ‘సంక్రాంతికి వస్తున్నాం’. ఉద్యోగం వదిలి రాజమండ్రి వైపు అత్తవారింట్లో కాపురం పెట్టిన మాజీ పోలీసు అధికారి వై.డి. రాజుగా వెంకటేష్, అతని భార్య భాగ్యలక్ష్మిగా ఐశ్వర్య రాజేష్, ఒకప్పటి ప్రేయసిగా మీనాక్షి చౌదరి నటించారు. అపహరణకు గురైన ఒక పెద్ద కంపెనీ అధిపతిని విడిపించే పని చాలా తేలికగా రాసుకున్నారు, రౌడీలు వచ్చే దృశ్యాలలో తర్కం వెదకడం వృథా. అయినా భాగ్యలక్ష్మి నోరు తెరిస్తే చాలు, అవన్నీ మరచిపోతాము. గోదావరి యాసను మన సినిమాలు చాలాకాలంగా అమాయకపు పాత్రకో, వెటకారానికో అంటగడుతున్నాయి. ఇక్కడ భాగ్యలక్ష్మి మర్యాద తప్పకుండానే మొగుణ్ణి నిలదీస్తుంది, అనుమానాన్ని అభిమానంతో కలిపి మాట్లాడుతుంది, పూర్వపు ప్రేయసిని కంటి ముందు పెట్టుకుని కూడా తన చోటు తాను వదులుకోదు. మా ఇళ్లలో కోపం సరిగ్గా ఆ తీరులోనే నడుస్తుంది. ఐశ్వర్య, హాస్యనటి శ్రీలక్ష్మిగారికి మేనకోడలు. ఆ ఒడుపు చూస్తే శ్రీలక్ష్మిగారికి అన్ని మంచి పాత్రలు రాసిన జంధ్యాలగారు గుర్తుకు వచ్చారు. ఆయన నరసాపురంలో పుట్టినది కూడా ఈ సినిమా వచ్చిన జనవరి 14నే.

రాజు, భాగ్యలక్ష్మిల కొడుకు బుల్లిరాజు విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. తండ్రిని ఎవరైనా ఏమైనా అంటే బూతులు అందుకునే ఆ పిల్లవాడికి హాలు దద్దరిల్లేలా నవ్వులు వచ్చాయి, బాలనటుడి ధాటి కూడా అసాధారణం. వాడు ఆ మాటలు ఓటీటీలో చూసి నేర్చుకున్నాడని సినిమా చెబుతుంది. కానీ వాడి ఈడు పిల్లలు వాడిని చూసి నేర్చుకునే అవకాశం ఉన్నదన్న సంగతిని పట్టించుకోకుండా అదే హాస్యాన్ని మళ్లీ మళ్లీ వాడుకున్నారు. ఒకసారితో ఆపి ఉంటే నవ్వూ మిగిలేది, నాన్న మీద వాడి ప్రేమా మిగిలేది.

పాటల్లో ‘గోదారి గట్టు’కు తిరుగు లేదు. చాలా ఏళ్ల తర్వాత వినిపించిన రమణ గోగుల గొంతు, దానికి దీటుగా మధుప్రియ గొంతు, భీమ్స్ బాణీ కలిసి హాల్లో ముసలివాళ్ల చేత కూడా తాళం వేయించాయి. ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి ఒక్క సినిమానే చూడగలిగేవారు ‘సంక్రాంతికి వస్తున్నాం’ చూడండి. రెండోదానికి వీలున్నవారు అప్పన్న కోసం ‘గేమ్ ఛేంజర్’ చూడండి, మొదటి సగానికి ఓపిక పట్టండి.