ఫెరో, తులీ, లాతుమ్: ఒక లాటిన్ క్రియతో నా కుస్తీ

లాటిన్‌లో ఒక్కో క్రియకు నాలుగు రూపాలు బట్టీ పట్టాలి. ‘ప్రేమించు’ అనే క్రియకు అమో (ప్రేమిస్తున్నాను), అమారె (ప్రేమించడం), అమావీ (ప్రేమించాను), అమాతుమ్ (ప్రేమించేందుకు). మొదటిది వస్తే తక్కినవి వాటంతటవే నోటికొస్తాయి. సొంతంగా నేర్చుకుంటున్న నాకు ఇదేదో తేలికే అనిపించింది, ఫెరో వచ్చేదాకా.

ఫెరో, ఫెర్రె, తులీ, లాతుమ్. మోయడం, తేవడం, భరించడం దీని అర్థాలు. ‘మోస్తున్నాను’ ఫెరో అయితే ‘మోశాను’ తులీ ఎలా అయింది? మనకూ ‘వచ్చాడు, రాలేదు’ ఉన్నాయి కదా అని సర్దుకోబోయాను. కానీ ఆ రెండూ మూలంలో ఒకటేనట. ఇక్కడ మాత్రం నిజంగానే రెండు వేర్వేరు క్రియలు కలిసిపోయాయి.

ఉపసర్గలు చేరితే ఇంకా టెన్షన్. ‘వైపు’ అనే అర్థమున్న ‘అద్’ కలిస్తే అఫ్ఫెరో, అత్తులీ, అల్లాతుమ్. ఉత్ + లాసం ఉల్లాసం అయినట్టే ఇదీ సంధే అని తెలిశాక కాస్త కుదుటపడ్డాను.

చివరికి దారి చూపింది వ్యుత్పత్తే, అంటే మాటల పుట్టుకే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ క్రియాధాతువుల్లో గట్టి పోలిక ఉందని సంస్కృతం నేర్చిన ఇంగ్లీషు జడ్జి విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. మాట మొదట్లో సంస్కృతంలో ‘భ’ ఉన్నచోట లాటిన్‌లో ‘ఫ’ వస్తుంది: భ్రాతకు ఫ్రాతెర్, భరతికి ఫెర్త్. అంటే ఫెరో మన భారం, భరించడాలకు చుట్టం. తులీ వేరే ధాతువు, ఎత్తడం అని అర్థం. తుల అందులోంచి వచ్చిందే. లాతుమ్ కూడా ఆ ఇంటిదే. ఒకప్పటి ‘త్లాతుమ్’లో మొదటి తకారం రాలిపోయింది. మూడు ముఖాలున్నా ధాతువులు రెండే. ఆ రెండూ పక్కపక్కనే కూర్చున్న మాట తులాభారం! తెలుగు లాటిన్‌కు చుట్టం కాదు, సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలే ఈ పని చేసిపెట్టాయి. ఆ తర్వాత తులీని మర్చిపోలేదు.

ఇంగ్లీషు మాటలు కూడా జంటలుగా కనిపించసాగాయి. రిఫర్, రిలేట్, ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌లేట్. ఒకే క్రియ రెండు రూపాలు.

గొడవ అంతటితో తీరలేదు. తులీ పుట్టింటి క్రియ ‘తొల్లో’, అంటే ఎత్తడం, ఇంకా బతికే ఉంది. తన భూతకాలాన్ని ఫెరోకు ఇచ్చేసి, తాను సుస్తులీ, సుబ్లాతుమ్ అంటూ ఉపసర్గ తగిలించుకుని నెట్టుకొస్తోంది. ఇప్పుడు దాన్ని బట్టీ పడుతున్నాను.