మీటర్ చెప్పనిది రాళ్ళ కింద దొరికింది

జనవరిలో ఇద్దరు డిగ్రీ విద్యార్థులతో అనంతగిరి కొండల్లో ఒక చిన్న గెడ్డ (కొండవాగు) నీళ్ళు ఎలా ఉన్నాయో చూడటానికి వెళ్ళాను. ఊరికి ఎగువన ఒక చోటు, దిగువన ఒక చోటు ఎంచుకున్నాం. ఈ రెండింటి మధ్య కాఫీ పళ్ళు కడిగిన నీళ్ళు గెడ్డలో కలుస్తాయి.

పగలు పదకొండింటికి మీటర్ ముంచితే, కరిగిన ఆక్సిజన్ ఎగువన లీటరుకు 8.1 మిల్లీగ్రాములు, దిగువన 7.8 చూపించింది. "రెండూ బాగానే ఉన్నాయి కదా మేడమ్" అంది విద్యార్థుల్లో ఒకమ్మాయి. నీళ్ళూ తేటగానే ఉన్నాయి.

ఎగువన వల అడ్డం పెట్టి, మూడు నిమిషాలు కాళ్ళతో రాళ్ళు కదిపి, పడిందంతా తెల్ల ట్రేలో పోశాం. ముందు ఇసుక, ఆకుముక్కలే కనిపించాయి. కాసేపటికి ఆ ముక్కల్లో కొన్ని నడవడం మొదలెట్టాయి. అప్పడంలా చదునైన మేఫ్లై (పెద్దయ్యాక రెక్కలొచ్చి ఎగిరిపోయే ఒక నీటి పురుగు) పిల్లలు, పొట్ట పక్కల ఆడుతున్న మొప్పలు. అలాంటిదే ఇంకో పురుగు, రెండు తోకల స్టోన్‌ఫ్లై పిల్ల ఒకటి, దాని కాళ్ళ మొదట్లో దూదిపింజల్లాంటి మొప్పలు. ట్రేలో నీళ్ళు కదలడం లేదు కదా, కాసేపటికి అది దండీలు తీస్తున్నట్టు పైకీ కిందికీ ఊగసాగింది. ఊపిరాడక, మొప్పల మీదికి నీళ్ళు ఆడించుకునే తిప్పలు అవి. పాపం అనిపించి వెంటనే గెడ్డలో వదిలేశాం.

దిగువన రాళ్ళ నిండా జారుడు పాచి. స్టోన్‌ఫ్లై ఒక్కటీ లేదు. ఎర్ర దారపు ముక్కల్లాంటి కైరోనమిడ్ పురుగులు (దోమలా కనిపించే, కుట్టని ఈగల పిల్లలు) మాత్రం లెక్కపెట్టలేనన్ని. వాటి ఎరుపు హిమోగ్లోబిన్‌ది, అందుకే ఆక్సిజన్ తక్కువున్న బురదలోనూ బతికేస్తాయి.

బ్రిటన్‌లో 1970ల్లో తయారైన బీఎమ్‌డబ్ల్యూపీ అనే, పురుగులను బట్టి నీటి శుభ్రతను అంచనా వేసే లెక్క ప్రకారం ఒక్కో పురుగు కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కులు. కాలుష్యాన్ని అసలు ఓర్వలేనిదానికి 10. ఎగువన ఎనిమిది కుటుంబాలకు 54, సగటు 6.75. దిగువన ఆరింటికి 18, సగటు 3. ఆ మార్కులు మన కొండల పురుగులను చూసి వేసినవి కావు, అందుకే ఒకే గెడ్డలో ఒకేలాంటి రాళ్ళ చోట్లను పోల్చడానికే నేను వాడతాను.

మరి మీటర్ ఎందుకు బాగుందంది? నాకు పాచి మీద అనుమానం వచ్చింది. పగలు ఎండలో అది ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తనూ పీల్చుకుంటుంది. కాఫీ గుజ్జులోని చక్కెరను తినే బాక్టీరియా రాత్రీ పగలూ పీలుస్తూనే ఉంటుంది. ఆ రాత్రి అక్కడే ఉండి, తెల్లవారుజామున ఐదింటికి టార్చి వేసుకుని వెళ్ళాం. ఎగువన 7.6. దిగువన 3.4.

నెలల తరబడి నీళ్ళలోనే పెరిగే స్టోన్‌ఫ్లై అక్కడ లేకుండా పోవడానికి అలాంటి ఒక్క రాత్రి చాలు.

పొద్దున్నే దిగువ ట్రేను కాఫీ రైతు ఒకాయనకు చూపించాం. "ఈ ఎర్ర పురుగులు మా నీళ్ళవల్లేనా అమ్మా?" అని చాలాసేపు వంగి చూశారు. వచ్చే పంటకు గుంట తవ్వి, కడిగిన నీళ్ళు అందులోకి మళ్ళిస్తానన్నారు. ఎగువ నుంచి కొట్టుకొచ్చే పురుగు పిల్లలు మళ్ళీ ఆ రాళ్ళు పట్టుకుంటాయని నా ఆశ. వచ్చే జనవరిలో వల పట్టుకునేది తనేనని ఆ విద్యార్థిని ఇప్పుడే చెప్పేసింది.