తిరుపతి వెళ్లొచ్చింది

"నేనడిగితే లేదన్నావు. మీ అమ్మకి వచ్చింది సిగ్గుపడాల్సిన జబ్బా? అయితే నాకొచ్చింది కూడా అంతేనా?"

కిందటి జూన్‌లో నాతో రాత్రి షిఫ్టు చేసే ఆవిడ నన్నడిగిన మాట ఇది. సంక్రాంతికి సెలవు పెట్టి ఇంటికొచ్చి వారమైంది. ఇప్పటికీ దానికి జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను.

ఉత్తర వేల్స్‌లో ఒక కేర్ హోమ్‌లో పనిచేస్తున్నాను, మూడేళ్లయింది. ఆవిడకి యాభై ఎనిమిదేళ్లు. అక్కడ యాభై దాటిన ఆడవాళ్లకి మూడేళ్లకోసారి రొమ్ము పరీక్షకి రమ్మని ఇంటికి ఉత్తరం వస్తుంది. అలా వెళ్లినప్పుడే ఆవిడకి క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాక, క్యాన్సర్ రోగుల కోసం చందాలు పోగుచేస్తూ స్నోడన్ కొండ ఎక్కుతానని బయల్దేరింది. వేల్స్ మొత్తానికి అదే ఎత్తైన కొండ, 1,085 మీటర్లు. చందా కాగితం పట్టుకుని కనపడ్డవాళ్లందరికీ తన ఆపరేషన్ సంగతి చెప్పేది. నా దగ్గరకొచ్చి "మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా?" అనడిగింది. "లేదు" అన్నాను.

మూడు వారాల తర్వాత రాత్రి బ్రేకులో అమ్మకి ఫోన్ చేశాను. నాకు పన్నెండున్నర అంటే అమ్మకి తెల్లవారుజాము ఐదు. ఆవిడ పక్కనే టీ తాగుతోంది. తెలుగు రాదు కదా అని నేను గొంతు తగ్గించలేదు. "లెట్రొజోల్ అయిపోయిందా? కొత్త స్ట్రిప్పు తెప్పించుకున్నావా?" అన్నాను. ఆ మాట ఏ భాషలోనైనా ఒకటే. రొమ్ము క్యాన్సర్ మళ్లీ రాకుండా రోజూ ఆవిడ మింగేదీ అదే మాత్ర. ఫోన్ పెట్టేశాక ఆ ప్రశ్న అడిగింది.

చెల్లి పెళ్లి కావాలి కాబట్టి దాచామని చెప్పాను. ఆ మాట నిజమే. తల్లికి ఆ జబ్బుందంటే కూతురి సంబంధం ఎక్కడ ఆగుతుందో మనకెవరూ చెప్పనక్కర్లేదు. కానీ నేను ఆవిడతో "లేదు" అన్న రోజుకి చెల్లి పెళ్లయి నాలుగు నెలలు దాటింది. వేల మైళ్ల అవతల, మా ఊరి పేరు కూడా తెలియని మనిషి దగ్గర దాచాల్సిన పనేముంది? అయినా నోటికి అదే వచ్చింది. అంత అలవాటైపోయింది.

మా ఊరు పి.గన్నవరం పక్కన. అమ్మకి నాలుగేళ్ల కిందట వచ్చింది. మూడు వారాలకోసారి కీమోకి విశాఖ వెళ్లేవాళ్లం. ఊళ్లో మాత్రం మావయ్య గారింటికని చెప్పేవాళ్లం. మొదటి కీమో అయిన రెండు వారాలకి జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చేసింది. ఇక నాన్నే గుండు చేయించారు. మర్నాడు పాలకొచ్చినావిడ అమ్మని చూసి "ఇదేంటమ్మా?" అంది. అమ్మకి నోట మాట రాలేదు. పక్కింటి పిన్ని గోడ అవతల నుంచి "తిరుపతి వెళ్లొచ్చింది కదే, నీకు తెలీదా?" అనేసింది.

పిన్నికి మేం ఏమీ చెప్పలేదు. తనకి తనే గ్రహించింది. అంతటితో ఊరుకోలేదు కూడా. తిరుపతి వెళ్లొచ్చాక ప్రసాదం పెట్టకపోతే ఊరు నమ్ముతుందా? అమలాపురంలో ఎవరో వెళ్లొస్తే వాళ్లనడిగి రెండు లడ్డూలు సంపాదించింది. వాటిని చిదిపి కాగితాల్లో పొట్లాలు కట్టి ఇంటింటికీ తనే పంచింది. కీమో అయి తిరిగొచ్చిన ప్రతి రాత్రీ మా వంటింటి గట్టు మీద చారు గిన్నె ఉండేది. పొద్దున్నే వాళ్ల చెట్టు బొండాలు రెండు గుమ్మంలో ఉండేవి. ఏమైందని ఒక్క రోజు అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

ఇదంతా ఆవిడకి వచ్చీరాని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పను? దాచడం అంటే ఆవిడకి సిగ్గుపడటం ఒక్కటే. ఒక మనిషి నోరు విప్పకుండానే పక్కనున్న ఇంకో మనిషి కాపు కాయొచ్చని ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు. ఆ రాత్రి కోపంగా ఉండిపోయాను. సాయం చెయ్యడానికి కొండెందుకు ఎక్కాలి, ఇచ్చేవాళ్లు ఊరికే ఇవ్వొచ్చు కదా అని కూడా మనసులో అనుకున్నాను. ఆవిడ వసూలు చేసేది మెక్‌మిలన్ సంస్థకి. డగ్లస్ మెక్‌మిలన్ అనే ఆయన తండ్రి క్యాన్సర్‌తో పోయాక 1911లో మొదలుపెట్టిన సంస్థ అది. అంతకి రెండేళ్ల ముందే, 1909లో, మా లంకల గన్నవరం దొక్కా సీతమ్మ గారు కన్నుమూశారు. వేళాపాళా చూడకుండా, కులం అడగకుండా, వచ్చినవాళ్లందరికీ జీవితమంతా అన్నం పెట్టిన తల్లి. వైనతేయ గోదారి మీదుగా మా కాలవని దాటించే అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టుకున్నాం. సాయం చెయ్యడం ఎలాగో మాకు ఒకరు నేర్పాలా అని రోషం వచ్చింది.

కానీ సీతమ్మ గారి గుమ్మంలోకి ఆకలైనవాళ్లు వచ్చి ఆకలేస్తోందని చెప్పేవాళ్లు. మేం ఎవరికీ చెప్పలేదు. గోదారి జిల్లాల్లో పెట్టే చేతులకి కొదవ లేదు. మాకు నోరు తెరిచి అడగడమే రాలేదు. పిన్ని పక్కింట్లో ఉండటం అమ్మ అదృష్టం. పిన్ని లేని వీధిలో ఇదే జబ్బుతో, ఇలాగే తలుపులేసుకుని ఎవరైనా ఉంటే వాళ్లకి చారు ఎవరు పెడతారు? ఈ ఆలోచన దగ్గర నా రోషం నిలబడలేదు. వారం తర్వాత ఆ చందా కాగితం నేనే అడిగి తీసుకుని ఇరవై పౌండ్లు రాశాను. పన్ను కట్టేవాళ్లు ఒక గడిలో టిక్ పెడితే పౌండుకి పావు పౌండు ప్రభుత్వం కలుపుతుంది. అదీ పెట్టాను.

ఆవిడ పాత మాట ఎత్తలేదు. నడిచేటప్పుడు వీపున కట్టుకునే అట్ట ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. ఎవరి కోసం నడుస్తున్నారో దాని మీద రాసుకుంటారు. వాళ్ల అక్క పేరు రాసుకుని కింద కొంచెం చోటు వదిలింది. "మీ అమ్మ పేరు మీ అక్షరాల్లో రాయి. ఇక్కడ ఎవరూ చదవలేరులే" అంది. నేను దాచుకున్నదాన్ని దాచే ఉంచుతూ అమ్మని తనతో పాటు కొండెక్కిస్తానంటోంది. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. పేరు రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. "మా అమ్మ" అని రాశాను. ఆ వంకరటింకర గీతల మీద ఆవిడ ఒకసారి వేలు పెట్టి దిద్దింది.

ఆ కొండ మీదికి 1896 నుంచి రైలు నడుస్తోంది. కాళ్ల వేళ్లలో కీమో తిమ్మిరి ఇంకా పోని మనిషి రైలెక్కకుండా నడవడం ఎందుకో అమ్మకి నేను వివరించనక్కర్లేకపోయింది. 1944లో ఘాట్ రోడ్డు వేశాక కూడా అలిపిరి మెట్లెక్కేవాళ్లు తగ్గారా అంది. స్నోడన్ నడక రానూపోనూ పద్నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. పైన మంచు కమ్మేసి ఏమీ కనపడని ఫోటో పంపింది ఆవిడ. అందులో అట్ట మీది "మా అమ్మ" మాత్రం తేటగా ఉంది.

అది అమ్మకి పంపాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. "ఆవిడకి ఆపరేషన్ ఏ పక్క?" అనడిగింది. ఎడమ పక్కన్నాను. "సంచి బరువంతా ఆ భుజం మీదే వేసుకుంది చూడు. చెయ్యి వాచిపోతుంది. ముందు ఫోన్ చేసి చెప్పు" అంది. చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మీ అమ్మకి చెయ్యి వాస్తుందా?" అనడిగింది. అప్పటి నుంచి నా ఫోన్ మధ్యలో పెట్టుకుని ఇద్దరూ కీళ్ల నొప్పుల గురించి, నిద్ర పట్టకపోవడం గురించి చెప్పుకుంటారు. అటు మాట ఇటు, ఇటు మాట అటు నేను చెప్తాను.

మొన్న ఇంటికి రాగానే తెలిసింది, అమ్మ రోజూ తెల్లవారుజామున పిన్నితో కలిసి నడుస్తోందని. కాలవ గట్టు పట్టుకుని అక్విడక్టు దాకా. మా వైపు అంతా చదును నేల. ఎక్కుదామన్నా అంతకన్నా ఎత్తు లేదు. ఎందుకమ్మా ఈ చలిలో అంటే, అలిపిరి 3,550 మెట్లు ఎక్కాలంది. "దేవుడి పేరు చెప్పి అబద్ధమాడాం. ఆయన బాకీ ఉండిపోయింది." కీమో తర్వాత వచ్చిన జుట్టు మునుపు లేని ఉంగరాలు తిరిగి, ఇప్పుడు జడకి అందుతోంది. దాన్ని ఇచ్చేస్తుందట. డాక్టర్ని అడిగి, నెమ్మదిగా, ఆగి ఆగి ఎక్కుతానని నాకు మాటిచ్చింది.

ఈ సంగతి రాసుకుంటానంటే రాసుకో, పేర్లు మాత్రం వద్దంది.

ఇవాళ పొద్దున వాళ్లతో నేనూ వెళ్లాను. వైనతేయ మీద మంచు ఇంకా వీడలేదు. అక్విడక్టు ఎక్కే చోట అమ్మ మోకాలు పట్టుకుని ఆగితే పిన్ని కూడా తన కాలు నొప్పని ఆగింది. ఇద్దరూ రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు.

"మళ్లీ గుండుతో వస్తే పాలావిడ అడుగుతుంది అక్కా. ఏం చెప్పమంటావు?" అంది పిన్ని.

"తిరుపతి వెళ్లొచ్చిందని చెప్పు" అంది అమ్మ.