జాబితా చూసి పుస్తకం తీసేస్తే

బడి లైబ్రరీల్లో ఏ పుస్తకాలు ఉండవచ్చన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు 1975 నవంబరులోని ఒక రాత్రి గుర్తుకొస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఐలాండ్ ట్రీస్‌లో ప్రభుత్వ బడులను నడిపే స్కూలు బోర్డు సభ్యులు ఇద్దరు ఆ రాత్రి హైస్కూలు లైబ్రరీకి వెళ్లి, ఒక సదస్సులో సంపాదించిన ‘అభ్యంతరకర పుస్తకాల’ జాబితాలోని పేర్ల కోసం కేటలాగు కార్డులు వెతికారు. తొమ్మిది దొరికాయి. మరుసటి ఏడాది వాటిని అల్మారాల నుంచి తీయించారు. నలుగురు తల్లిదండ్రులు, నలుగురు సిబ్బందితో బోర్డు తానే వేసిన కమిటీ కొన్నింటిని ఉంచమన్నా, ఆ మాటను చాలావరకు పక్కన పెట్టింది.

స్టీవెన్ పీకో అనే విద్యార్థి మరో నలుగురితో కలిసి కోర్టుకెళ్లాడు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు, కేసు విచారణ జరగాల్సిందేనని 5–4తో తేల్చింది. భావాలు నచ్చనంత మాత్రాన పుస్తకాలను తొలగించకూడదని జస్టిస్ బ్రెన్నన్ రాశారు కానీ, ఆ అభిప్రాయానికి మెజారిటీ కుదరలేదు. పైగా అది తొలగింపుల గురించే తప్ప కొనుగోళ్ల గురించి కాదు.

తల్లిదండ్రుల ఆందోళనను నేను కొట్టిపారేయను. ఎనిమిదేళ్ల పిల్లకూ పదిహేడేళ్ల కుర్రాడికీ ఒకే అల్మారా పనికిరాదు. వయసును బట్టి పుస్తకాలను వేరు చేయడం లైబ్రేరియన్లు రోజూ చేసే పనే. తన బిడ్డ ఫలానా పుస్తకం చదవకూడదనే హక్కు తల్లికి ఉంది. అయితే ఇతరుల పిల్లలకూ అది అందకూడదని కోరేటప్పుడు, ఆమె దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇప్పుడు జాబితాలు ఫోన్లలోనే తిరుగుతున్నాయి. మూడు వాక్యాల కింద గీత గీసిన ఒక్క పేజీ ఫొటో చాలు, పుస్తకం మీద తీర్పు అయిపోతోంది. అత్యాచారానికి గురైన అమ్మాయి కథలో ఆ ఘోరం ఒక పేజీలో ఉంటే, ఆమె దాన్ని ఎవరితో, ఏ మాటలతో చెప్పుకోగలిగిందో ఆ తరువాతి పేజీల్లో ఉంటుంది. అలాంటి బాధలో ఉన్న పిల్లకు కావలసినవి ఆ పేజీలే. ఫొటోలో అవి రావు.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో 2024 నాటి చట్టం ప్రకారం, మూడు స్కూలు జిల్లాలు (స్థానిక బడులను నడిపే విభాగాలు) ఒక పుస్తకాన్ని తగనిదని తేల్చితే చాలు, రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లోంచి దాన్ని తీసేయాలి. మిగిలిన జిల్లాల్లో ఎవరూ దాన్ని తెరిచి చూడనక్కరలేదు.

తీసేసిన పుస్తకం గురించి కనీసం పోరాడవచ్చు. కొనుగోలు జాబితాలో రాసుకున్న పేరును, రేపు ఎవరు వచ్చి గొడవ చేస్తారోనన్న భయంతో ఒక లైబ్రేరియన్ తన చేత్తోనే కొట్టేస్తే, అక్కడ ఫిర్యాదు లేదు, కమిటీ లేదు. పీకోలా కోర్టుకెళ్లగల విద్యార్థికి అలాంటి పుస్తకం ఒకటుందన్న సంగతే తెలియదు.