వేలంపాటలో ఏడు పాలక్యాన్లు

శనివారం, రాత్రి పదిన్నర.

గరాజ్‌లో కారు పెట్టాల్సిన చోట ఏడు పాలక్యాన్లు నిలబడి ఉన్నాయి. పాతకాలపు ఇనప క్యాన్లు. ఒక్కోటీ పది గ్యాలన్లది, మన లెక్కలో 38 లీటర్లు. రెండింటికి మూతల్లేవు. కారు బయట వానలో తడుస్తోంది. మా ఆయన ఇప్పటికి రెండుసార్లు గరాజ్‌లోకి వెళ్ళి చూసి, ఏమీ అనకుండా వచ్చి పడుకున్నాడు. అదే నాకు భయంగా ఉంది.

నాన్న వచ్చి ఐదు వారాలైంది. చెల్లెలి పురుడని అమ్మ ఊళ్ళోనే ఆగిపోయింది. ఇక్కడ అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మా మాడిసన్‌లో చూపించాల్సినవన్నీ మొదటి వారంలోనే అయిపోయాయి. ఆ తర్వాత నుంచీ మంకీ క్యాప్ పెట్టుకుని కిటికీ పక్కన కూర్చోవడం, "ఈ వీధిలో మనుషులుండరా అమ్మాయ్" అని అడగడం. ఆఫీసులో పక్క సీటాయనతో మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆయన రైతుబిడ్డ. "క్యాష్టన్ దగ్గర ఒక పెద్దాయన శనివారం ఫారం సామానూ ఆవులూ అన్నీ వేలం వేస్తున్నాడు, మీ నాన్నగారిని తీసుకెళ్ళు" అన్నాడు.

వేలం అనగానే నాన్న అడిగిన మొదటి మాట, "ఎంత అప్పట?"

అప్పు కాదు నాన్నా, వయసు మీదపడింది, పిల్లలెవరూ చేయనన్నారు, మానుకుంటున్నాడు అన్నాను. నమ్మలేదు. ఆయన అనుమానం నాకు తెలుసు. మా బాబాయి ట్రాక్టర్‌ని ఫైనాన్సు వాళ్ళు పొద్దు పొడవకముందే వచ్చి తోలుకుపోయారు. ఎక్కడో యార్డులో పెట్టి వేలం వేశారు. ఎంతకి పోయిందో బాబాయికి చెప్పలేదు గానీ, ఇంకా ఇంత కట్టాలని నోటీసు మాత్రం పంపారు. ఆ ఏడాదంతా బాబాయి రచ్చబండ వైపు వెళ్ళలేదు. మా ఇంట్లో వేలం అంటే ఆ సంగతే.

పొద్దున ఏడింటికి బయల్దేరాం. రెండు గంటల దారి. నాన్న ముందు కార్ల నంబరు ప్లేట్లు కూడబలుక్కుని చదువుతున్నాడు. 'అమెరికాస్ డెయిరీల్యాండ్' అని ఇక్కడి మామూలు ప్లేట్ల మీద ఉంటుంది, అంటే పాడిసీమ అన్నమాట. మరి పాడి ఏదీ అన్నాడు. నిజమే, దారి పొడుగునా ఖాళీ కొట్టాలు, పక్కన మేత నిలవచేసే సైలోలు, అవీ ఖాళీ. ఇరవై ఏళ్ళ కింద ఈ రాష్ట్రంలో పాడి ఫారాలు 15 వేల పైన ఉండేవి, ఇప్పుడు 6 వేలు కూడా లేవు. ఆవులు మాత్రం అప్పుడూ ఇప్పుడూ 12 లక్షల పైచిలుకే. ఈ లెక్క చెప్తే నాన్న కాసేపు ఆలోచించి, "అంటే గొడ్లు తగ్గలా, గొడ్లు మేపేవాళ్ళు తగ్గారు" అన్నాడు.

పొలంలోనే కార్లు ఆపించారు. మంచు కరిగిన బురద. కార్ల పక్కన వరసగా నల్లటి గుర్రబ్బండ్లు. అమెరికాలో గుర్రబ్బండ్లేంటని నాన్న నోరు తెరిచాడు. ఆమిష్ వాళ్ళ గురించి చెప్పాను, కరెంటూ కార్లూ పెట్టుకోరని. క్యాష్టన్ చుట్టుపక్కల వాళ్ళ కుటుంబాలు చాలా ఉన్నాయి. గుర్రాలకి కట్టే పాత పనిముట్లకి గిరాకీ వాళ్ళ దగ్గరే. నాన్న వెళ్ళి ఒక గుర్రం మెడ నిమిరి వచ్చాడు. బండి మీద కూర్చున్న గడ్డపాయన తలూపాడు. ఐదు వారాల్లో నాన్నని పలకరించిన మొదటి పరాయి మనిషి ఆయనే అనుకుంటా.

షెడ్డులో బల్ల దగ్గర లైసెన్సు చూపిస్తే అట్టముక్క మీద నంబరు రాసిచ్చారు, 214. ముందు చిన్న సామాను. గడ్డి బళ్ళ మీద పరిచి పెట్టారు: పానాలు, గొలుసులు, పలుగులు, సీసాల నిండా మేకులు. వేలం వేసే ఆయన బండెక్కి నిలబడి మొదలెట్టాడు. గుక్క తిప్పుకోడు. అంకెలన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని పరిగెడతాయి, మధ్యలో అర్థంలేని పదాలు తాళానికి. నాన్న రెండు నిమిషాలు విని, "బుర్రకథ చెప్పేవాళ్ళకి ఈ ఊపిరుంటే ఎంత బాగుండు" అన్నాడు. వేలం ఆయన్ని అందరూ 'కల్నల్' అని పిలుస్తున్నారు. మిలిటరీ ఏం కాదు. ఇక్కడి అంతర్యుద్ధం రోజుల్లో పట్టుబడ్డ సొత్తుని కల్నల్‌లు వేలం వేసేవాళ్ళట, ఆ పిలుపు ఈ వృత్తికి అంటుకుపోయింది.

మన భాషలో వేలం పాట. మొదట సర్కారు పాట, ఆ మీద కొనేవాడు 'పాడతాడు'. చెరువులో చేపలైనా, గుడి మాన్యం కౌలైనా, బాలాపూర్ లడ్డూ అయినా అంతే. (ఆ లడ్డూ 1994లో 450 రూపాయలకి పోయింది. 2024లో 30 లక్షలు దాటింది. లడ్డూ ఒకటే.) ఇక్కడ తిరగబడింది. పాడేది అమ్మేవాడు. కొనేవాళ్ళు నోరు మెదపరు. ఒకడు కనుబొమ్మ ఎగరేస్తాడు, ఒకడు జేబులోంచి బొటనవేలు తీస్తాడు. పక్కన నిలబడ్డ మనుషులు అది కనిపెట్టి 'యెప్' అని అరుస్తారు.

క్యాన్ల కథ ఇక్కడే. బండి చివర పాలక్యాన్లు కనపడగానే నాన్న వెళ్ళి ఒకదాని మూత తీసి లోపలికి చూశాడు, వాసన చూశాడు. చిన్నప్పుడు మా ఇంటి నుంచి పాలకేంద్రానికి సైకిల్‌కి ఇటొకటి అటొకటి కట్టుకుని వెళ్ళిన క్యాన్లు గుర్తొచ్చాయని నాకు ఆయన చెప్పక్కర్లేదు. నేను ఊరుకోలేక అట్ట పైకెత్తాను. పన్నెండు డాలర్లకి పాట నాకే కొట్టేశాడు. సంతోషంగా ఒక క్యాను తీసుకోబోతే గుమాస్తా "ఏడు పన్నెండ్లు, 84" అని రాసుకుంటోంది. పాట మొదట్లోనే చెప్పాడట, ధర ఒక్కోదానికి, కొనాల్సింది మొత్తం అని. ఆ గుక్కలో నాకేం వినపడింది! కాదనడానికి మొహం చెల్లలేదు. నాన్నకి విషయం చెప్తే, "ఏడూ మనవేనా?" అని మెరిసిపోయాడు.

ట్రాక్టర్ల దగ్గర పెద్ద గుంపు. నారింజ రంగు ఆలిస్ చామర్స్ ఒకటి ఉంది, ఈ రాష్ట్రంలోనే మిల్వాకీ పక్కన వెస్ట్ ఆలిస్‌లో తయారయ్యేది, ఆ కంపెనీ ట్రాక్టర్లు ఆగిపోయింది 1985లో. దాని పక్కన జాన్ డీర్ 4020. అరవైల్లో తయారైన బండి, ఇంకా జనం ఎగబడతారు. వరస చివర ఎర్రటి మహీంద్రా. నాన్న దాని బానెట్ మీద చెయ్యేసి, పెళ్ళిలో చుట్టాన్ని చూసినట్టు చూశాడు. డ్రైవర్ సీటు తుడిచి పెట్టి ఉంది, టైర్లకి నల్ల రంగు పూశారు. బాబాయి ట్రాక్టర్‌ని ఆ యార్డులో ఎవరైనా తుడిచి ఉంటారా అని నాకు అప్పుడు అనిపించింది.

మధ్యాహ్నం చర్చి ఆడవాళ్ళు షెడ్డులో భోజనాలు పెట్టారు. బీఫ్ శాండ్‌విచ్చే, ఇంకోటి లేదు. పది గజాల అవతల ఆవులు. నాన్న అటు చూసి ఇటు చూసి, యాపిల్ పై ముక్క, కాఫీ చాలన్నాడు. మూడు ముక్కలు తిన్నాడు.

ఆవుల దగ్గరకొచ్చేసరికి నాన్న వేరే మనిషి. యాభై చిల్లర, అన్నీ నలుపూ తెలుపూ హోల్‌స్టీన్లు. నాన్నకి మాత్రం అన్నీ జెర్సీలే. నడుము మీద అంకె కాగితం అంటించి ఉంది. చేతిలో కాగితం తిప్పుతూ నేను చదువుతున్నాను: ఎన్నో ఈత, ఎప్పుడు ఈనింది, రోజుకెన్ని పాలు, ఇప్పుడు ఎన్ని నెలల చూడి. నాన్న కాగితం వినడం లేదు. వంగి పొట్ట కింద పాలనరం చూస్తున్నాడు, చిటికెన వేలంత లావున మెలికలు తిరిగి ఉంటే "ఇది పాడికొచ్చేది" అంటున్నాడు. "పొద్దున పాలు పిండాడా, ఆపాడా? అడుగు." సంతకి తెచ్చే రోజు పాలు పిండకుండా తోలుకొస్తే పొదుగు నిండుగా కనపడుతుంది కదా, అదీ అనుమానం. కొట్టంలో ఆవుల మెడగొలుసులు విప్పుతున్న పెద్దాయన్ని అడిగాను. ఆయనే యజమాని అని అప్పటికి నాకు తెలీదు. "నాలుగున్నరకి పిండాను. ఆఖరిసారి" అన్నాడు. నాన్నకి చెప్పాను. "అయితే దొంగపొదుగు కాదు" అని తృప్తిగా తలూపాడు. ఆఖరిసారి అన్న మాట నేను చెప్పలేదు.

రెండు వారాల కింద ఈనిన ఒక ఆవు, రోజుకి 90 పౌండ్లు. అంటే నలభై కిలోలు. నాన్న రెండుసార్లు అడిగాడు, పొరపాటేమోనని. వెన్న నాలుగు శాతం లోపేనంటే మాత్రం మన గేదెల పరువు నిలబడినట్టు నవ్వాడు. ఇక్కడ పాలకి ధర నూరు పౌండ్ల లెక్క. ఇరవై డాలర్లకి అటూ ఇటూ. వేళ్ళ మీద లెక్క కట్టించుకున్నాడు: లీటరు నలభై రూపాయల లోపే. "ఇంత యంత్రాలు పెట్టుకుని మనకన్నా తక్కువకి పోస్తున్నాడా!" ఆ ఆవు మూడు వేల పైన పోయింది. నాన్న రూపాయల్లోకి మార్చుకుని అక్కడున్న ఇనప గేటు పట్టుకున్నాడు.

తర్వాత వచ్చిన ఆవుని చూపించి వేలం ఆయన పాట ఆపి, మామూలు గొంతుతో చెప్పాడు: ఇది మూడు చన్నులతోనే ఇస్తుంది, నాలుగోది మూసుకుపోయింది. నాన్నకి తెలుగులో చెప్తే నమ్మలేదు. "అమ్మేవాడే చెప్తాడా?" 1998లో సంతలో ఒక గేదెని కొన్నాడు నాన్న. భుజమ్మీద తువాలు దళారి చేతి మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని బేరం. ఏ వేలు నొక్కితే ఎంతో వాళ్ళిద్దరికే తెలుసు, పక్కనున్న మాకు తెలీదు. ఇంటికొచ్చాక పిండితే ఒక చన్నులో చుక్క రాలేదు. అమ్మ ఆ సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది. ఇక్కడ లోపమూ ధరా రెండూ మైకులో చెప్పేస్తున్నారు. ఆ ఇంటి మనిషి మాత్రం కొట్టంలో, ఎవరికీ కనపడని చోట, ఒక్కో గొలుసూ విప్పుతున్నాడు.

నాన్న అక్కడికే వెళ్ళి నిలబడ్డాడు. నేను వెనకాలే. ఇద్దరూ ఒకే వయసు వాళ్ళు, అరవై తొమ్మిదో డెబ్భయ్యో. మాటల్లేవు. ఆయన గొలుసు విప్పుతాడు, ఆవు మొరాయిస్తే నాన్న దాని తొడ మీద అరచేత్తో తట్టి 'హెయ్' అంటాడు, అది కదుల్తుంది. ఆ 'హెయ్' ఎక్కడైనా ఒకటే అనుకుంటా. ఏడెనిమిది ఆవులు అలా వెళ్ళాయి.

"అమ్మాయ్, తలుగులు ఉంచుకుంటాడా అడుగు."

మా ఇంట్లో గొడ్డుని అమ్మితే తలుగు ఇవ్వరు. కొనేవాడు కొత్త తాడు తెచ్చుకోవాలి. మా పాతది చావిట్లో కొయ్యకి తగిలిస్తారు, పాడి పోకూడదని. అడగడానికి నాకు మొహమాటమైంది, అయినా అడిగాను, మా ఆచారం ఇదీ అని. ఆయన చేతిలో గొలుసు చూసుకున్నాడు. కాసేపాగి, "ఇవి సోమవారం పాత ఇనుముకి పోతాయి" అన్నాడు. తర్వాతి ఆవు దగ్గరికి వెళ్ళాడు.

తిరుగుదారిలో ఏడు క్యాన్లూ వెనక ఒకదానికొకటి కొట్టుకుంటూ గుళ్ళో గంటల్లాగా మోగుతున్నాయి. ఏదో ఒకటి మాట్లాడాలని, 1930ల్లో ఇక్కడ జరిగిన పైసల వేలాల సంగతి చెప్పాను. బ్యాంకులు రైతుల సొత్తు వేలానికి పెడితే ఇరుగుపొరుగు వాళ్ళంతా వచ్చి, ఆవు పది సెంట్లు, నాగలి ఐదు సెంట్లు అని పాడి, మళ్ళీ ఆ రైతుకే ఇచ్చేసేవాళ్ళు. పైకి పాడాలని చూసే కొత్తవాడికి కనపడేలా కొట్టం దూలానికి ఉరితాడు వేలాడదీసేవాళ్ళు. నాన్న వెంటనే, "మన పెదనందిపాడులో తాడు కూడా అక్కర్లేకపోయింది" అన్నాడు. 1921-22లో శిస్తు కట్టం అన్నప్పుడు జప్తు చేసిన గొడ్లని వేలానికి పెడితే పాడేవాడే లేడని తాతయ్య చెప్పేవాడట. తర్వాత చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మాడిసన్ పొలిమేరల్లోకి వచ్చాక, "సోమవారమేనా? పాత ఇనుముకే?" అన్నాడు. అవునన్నాను.

ఇప్పుడే మంచినీళ్ళకని లేచి చూస్తే గరాజ్‌లో లైటు వెలుగుతోంది. నాన్న చింతపండు నానబెట్టి ఒక క్యాను తోముతున్నాడు. బాత్రూంలోని బరువు చూసే మిషను పక్కనే ఉంది.

"పదకొండున్నర కిలోలు" అన్నాడు. "సూట్‌కేసుకి ఇరవై మూడు కదా?"