హుక్కా తాగాక తల ఎందుకు పగిలిపోతుంది

హుక్కా కొట్టి వచ్చిన రాత్రి తలనొప్పి వస్తే మనవాళ్ల దగ్గర కారణాలకు కొదవ ఉండదు. ఖాళీ కడుపుతో తాగాను, ఆ ఫ్లేవర్ పడలేదు, నిద్ర చాల్లేదు, ఏసీ గాలి తగిలింది. వీటిలో ఒకటో రెండో కొంత నిజమే కావచ్చు. అసలు కారణం మాత్రం పొగాకు మీద కణకణలాడే ఆ బొగ్గు ముక్కలు. ఈ మాట మా ఇంట్లో కుర్రాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా "నీళ్లలోంచి వస్తుంది కదక్కా, ఫిల్టర్ అయిపోతుంది" అంటారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

సిగరెట్‌లో పొగాకే అంటుకుని కాలుతుంది. హుక్కాలో అలా కాదు. బౌల్‌లో ఉండేది పాకంలో, గ్లిజరిన్‌లో నానిన తడి పొగాకు, అది తనంతట తాను మండదు. దాని మీద ఫాయిల్ బిగించి, చిల్లులు పొడిచి, పైన నిప్పులు పెడితే ఆ సెగకు పొగ వస్తుంది. పైపు లాగిన ప్రతిసారీ గాలి ముందు ఆ నిప్పులను తాకి, పొగాకులోంచి కిందికి దిగి, నీళ్లలో బుడగలై పైకొచ్చి మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అంటే పొగాకు పొగతో పాటు బొగ్గు పొగ కూడా తాగుతున్నామన్నమాట. బొగ్గు సరిగ్గా కాలనప్పుడు వదిలేదే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, గొంతులో మంట పుట్టించదు, కాబట్టి పుదీనా ఘాటు మధ్య అది లోపలికి పోతున్నట్టు ఎవరికీ తెలియదు.

ఇక నీళ్ల సంగతి. ఈ గ్యాస్ నీళ్లలో దాదాపుగా కరగదు, బుడగలో ఎలా దిగిందో అలాగే పైకొచ్చేస్తుంది. నీళ్ల బదులు పాలు పోసినా, ఐసు వేసినా అంతే. నీళ్లు ముఖ్యంగా చేసే పని పొగను చల్లబరచడం, చల్లగా ఉంది కాబట్టి గొంతు ఎదురు తిరగదు, మనం ఇంకా గట్టిగా పీలుస్తాం. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం గంటసేపు హుక్కా తాగితే దాదాపు 90,000 మిల్లీలీటర్ల పొగ పీలుస్తాం, ఒక సిగరెట్‌కైతే అది 500 నుంచి 600 మిల్లీలీటర్లే. కబుర్లు చెప్పుకుంటూ పైపు చేతులు మారుతుంటే ఎంత లాగామో ఎవరూ చూసుకోరు.

లోపలికి వెళ్లిన కార్బన్ మోనాక్సైడ్ నేరుగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా. ఆక్సిజన్ మోసుకెళ్లాల్సిన చోటును ఇది ఆక్రమిస్తుంది. మెదడుకు ఆక్సిజన్ తగ్గగానే అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి, తల దిమ్ముగా, బిగబట్టినట్టుగా మొదలై కణతలు అదరడం దాకా పోతుంది, కడుపులో తిప్పుతుంది, లేచి నిలబడితే తూలుతుంది. మామూలు గాలి పీలుస్తూ కూర్చుంటే రక్తంలో చేరిన దానిలో సగం పోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది. రాత్రి తాగితే పొద్దున్నే కూడా తల బరువుగా ఉండేది అందుకే. నికోటిన్ వల్ల వచ్చే తల తిరుగుడు, నీళ్లు తాగకపోవడం, పక్కన మందు ఉంటే అది, ఇవన్నీ దానికి తోడవుతాయి. పొగాకు లేని హెర్బల్ హుక్కా అయితే ఏమీ కాదనుకోవద్దు, నికోటిన్ ఉండకపోవచ్చు గానీ పైన పెట్టేది అదే బొగ్గు.

రక్తహీనత ఉన్నవాళ్ల గురించి నాకు ఎక్కువ బెంగ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. అసలే తక్కువున్న హిమోగ్లోబిన్‌లో కొంత ఈ గ్యాస్ ఆక్రమిస్తే మిగిలేదెంత? గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఆ గదిలో కూర్చోనే కూడదు.

తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను నిషేధిస్తూ చట్టం చేశారు. మంచిదే. కానీ కొందరు దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు, వాసన పక్క ఫ్లాటుకు పోకుండా కిటికీలు మూసి, ఏసీ వేసి మరీ తాగుతున్నారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. చలికాలం మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే ప్రాణాలు పోయేది ఈ గ్యాస్‌తోనే. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకూ ఇదే చెబుతాను: గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగితే బ్యాటరీ పీకేయకండి, అందరూ బయటికి నడవండి.

తలనొప్పి రాకుండా ఏం చేయాలి అంటే, కచ్చితంగా పనిచేసేది మానేయడమే, మిగతావన్నీ మోతాదు తగ్గించేవి. ఇంకా మానలేదంటే ఆరుబయట కూర్చోండి, పొగ తగ్గిందని నిప్పు మీద నిప్పు వేయకండి, అరగంటలో లేచిపోండి, వరసపెట్టి లోతుగా లాగకండి, ముందు తిని నీళ్లు తాగండి, మందుతో కలపకండి. త్వరగా రాజుకోవడానికి రసాయనం కలిపిన, అగ్గిపుల్లకే అంటుకునే బొగ్గు అసలొద్దు, అది అంటుకునేటప్పుడు వచ్చే పొగ అదనం. కొబ్బరి చిప్పల బొగ్గయినా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, ఆ ప్యాకెట్ మీద నేచురల్ అని చూసి ధైర్యపడకండి.

తల పట్టేసిందంటే మాత్ర వేసుకుని మళ్లీ పైపు అందుకోవడం మాత్రం చేయొద్దు, ఆ నొప్పి తగ్గిందనుకునే లోపల ఒంట్లో గ్యాస్ పెరుగుతూనే ఉంటుంది. వెంటనే బయటి గాలిలోకి రండి, బండి నడపకండి. గదిలో ఉన్న అందరికీ ఒకేసారి తల నొప్పి పుట్టిందంటే అది మైగ్రేన్ కాదు, ఆ గ్యాసే అనుకోండి. ఎవరైనా వాంతులు చేసుకుంటున్నా, మాట తడబడినా, పడిపోయినా 108కి ఫోన్ చేయాలి. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ వేలికి తగిలించి 98 చూపిస్తోంది కదా అని ఊరుకోవద్దు, ఆ పరికరం హిమోగ్లోబిన్‌కు అంటుకున్నది ఆక్సిజనో కార్బన్ మోనాక్సైడో తేడా చెప్పలేదు. దానికి వేరే రక్తపరీక్ష ఉంది, వైద్యం కూడా మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇవ్వడం. కాబట్టి ఆస్పత్రిలో ఇంట్లోవాళ్లు ఉన్నారని సిగ్గుపడి ఫుడ్ పాయిజన్ అని చెప్పకుండా, మూసిన గదిలో హుక్కా తాగామని డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పండి.