గ్యాస్ ఆపమని ఎవరు చెప్పాలి?

ఓటీ (ఆపరేషన్ థియేటర్) నర్సుగా పదకొండేళ్లు చేశాను. "సార్, ఒక్క నిమిషం ఆగండి" అని సర్జన్‌తో గట్టిగా అన్నది మాత్రం మొన్న శనివారమే. అదీ లేని ఓటీలో, లేని పేషెంటు పక్కన నిలబడి.

మా ఆసుపత్రిలో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లతో టీమ్ ట్రైనింగ్ పెట్టారు. సర్జన్ సార్, మత్తు డాక్టరు మేడమ్, పరికరాలు అందించే స్క్రబ్ నర్సు, చుట్టూ తిరుగుతూ మిగతా పనులు చూసే సర్క్యులేటింగ్ నర్సుగా నేను, నలుగురం కాన్ఫరెన్స్ హాల్లో తలో మూల నిలబడ్డాం. హెడ్‌సెట్ పెట్టుకోగానే ఎదురుగా టేబుల్, లైట్లు, మానిటర్. పిత్తాశయంలో రాళ్లకు లాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్. పోర్టు (ఆ రంధ్రంలో పెట్టే గొట్టం) వేసి కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తున్నారు. మాకు రోజూ ఉండే పనే.

గ్యాస్ ఎక్కుతుండగా పల్స్ 72 నుంచి 50కి, అక్కణ్నుంచి 38కి పడిపోయింది. పొట్ట లోపలి పొర ఒక్కసారిగా సాగితే వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గించేస్తుంది, ఒక్కోసారి ఆపేస్తుంది కూడా. ముందు గ్యాస్ ఆపి, ఎక్కిందాన్ని బయటికి వదిలేయాలి. అవసరమైతే గుండె వేగం పెంచే అట్రోపిన్ మందు ఇవ్వాలి. ఇది మా నలుగురికీ తెలుసు. కానీ సార్ చూపంతా పోర్టు మీదే ఉంది. మేడమ్ "ఎవరైనా గ్యాస్ ఆపండి" అన్నారు. ఎవరూ కదల్లేదు. మిషన్ నా చేతికందే దూరంలోనే ఉంది. సార్ చెప్తే ఆపుదామని చూస్తూ ఉండిపోయాను. మానిటర్ మీద గీత చదునైపోయింది.

తర్వాత రికార్డింగ్ వేశారు. నా బొమ్మ చెయ్యి సగం లేచి మళ్లీ కిందికి దిగిపోవడం కనిపించింది. గుండె కలుక్కుమంది. "ఎవరైనా" అంటే ఎవరూ కాదని ట్రైనర్ చెప్పారు. పేరు పెట్టి చెప్పాలి, విన్నవాళ్లు తిరిగి పలకాలి, పనయ్యాక అయిందనాలి. కోత పెట్టేముందు అందరూ పేరు, పని చెప్పుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టులోనే ఉంది. రోజూ చూసే ముఖాలే కదా అని మేం దాన్ని దాటేస్తుంటాం.

రెండోసారి నేనే అన్నాను. "సార్, ఒక్క నిమిషం ఆగండి. పల్స్ 45. గ్యాస్ ఆపుతున్నా." "ఆపండి సిస్టర్" అంటూ సార్ పోర్టు వాల్వు తెరిచారు. పల్స్ మెల్లగా 60 దాటింది. నా చేతులు నిజంగానే వణికాయి.

గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం హెడ్‌సెట్‌తో రాదు, చేతికి బరువు తెలియదు. దానికి మానెకిన్ (మనిషి ఆకారపు బొమ్మ) ఉండాల్సిందే. కానీ ఎన్ని క్లాసులు విన్నా పెగలని నా నోరు ఆ అరగంటలో పెగిలింది.

సోమవారం మొదటి కేసులో, బ్లేడు అందుకునేముందు సార్ అందర్నీ పేర్లు చెప్పమన్నారు. మూడు వారాలుగా మాతో ఉన్న టెక్నీషియన్ అబ్బాయి పేరు మాలో ఇద్దరికి అప్పుడే తెలిసింది.